పీపాలపట్నం ఒరిగిన రోజు

శుద్ధ పాడ్యమి, సోమవారం

గాలి: తూర్పు. తాడు: బాగానే ఉంది. అలా రాశాక అనుమానం వచ్చి మళ్ళీ వెళ్ళి చూసొచ్చాను. బాగానే ఉంది. అడుగు నీరు: మూడు చెంబులు తోడాను. నిన్న రెండే. ఎందుకు పెరిగిందో ఆ గంగమ్మ తల్లికే తెలియాలి.

పడవ చిట్టా ఇంట్లో పెద్దవాళ్ళే రాయాలని పట్నం రూలు. మాకు ఇల్లన్నా పడవన్నా ఒకటే, ఈ ఇంట్లో పెద్దదాన్ని నేను. పేరు పేరంటాలు. గాలి, తాడు, అడుగు నీరు, ఈ మూడు ముక్కలూ రాసి ఊరుకోమంటాడు మా తమ్ముడు జోగినాథం. "నీ దిగులంతా అందులోకి దింపకక్కా, బరువుకి పడవ మునుగుతుంది" అంటాడు. నేను చదివింది మూడో తరగతి, అదీ సగం. మిగతా సగానికి సముద్రం బళ్ళోకి వచ్చేసింది. తప్పులుంటే సముద్రాన్ని అడగండి.

ఈవేళ మాత్రం మూడు ముక్కలతో సరిపోదు. తాడు గురించే గొడవ.

సాయంత్రం జోగినాథం పట్నసభ నించి వచ్చి గడప మీద కూలబడ్డాడు. వెనకాలే బసవయ్య మాస్టారు. మావాడు నడిపే ఎదురుగాలి పార్టీకి మాస్టారు కార్యదర్శి. మనిషి ఎంత సన్నమంటే, గాలి గట్టిగా ఉన్న రోజు ఆయన్ని స్తంభాలు పట్టుకొని నడవమంటాను.

"ఏవైందిరా?" అన్నాను.

"పానకాలు కొత్త చట్టం తెచ్చాడక్కా. వరసగా మూడు ఒరుగుళ్ళు ఓడిన పార్టీవాళ్ళ పడవల్ని పట్నానికి కట్టిన తాడు కోసెయ్యాలట."

"కోసేస్తే?"

"కోసేస్తే ఏముంది, పోతాం."

"ఎక్కడికి?"

"గాలి ఎటుంటే అటు."

మేం ఇప్పటికి రెండు ఓడాం. మూడోది దశమి నాడు.

ఒరుగుడంటే మా ఎన్నిక. ముందు మిషన్లుండేవి. అవి అబద్ధాలాడుతున్నాయని తీసేశారు. తర్వాత చేతులెత్తమన్నారు. కొంతమంది రెండూ ఎత్తారు. ఇప్పుడు పెద్ద బల్లకట్టు మీద ఒక పార్టీవాళ్ళు తూర్పుకీ ఇంకో పార్టీవాళ్ళు పడమరకీ నిలబడాలి. పట్నం తేలేది పీపాల మీద కాబట్టి బరువున్న వైపుకి ఒరుగుతుంది. నడిమి స్తంభానికి తాపీ మేస్త్రీల రసమట్టం లాంటిదే పెద్దది బిగించారు. గాజు గొట్టంలో బుడగ ఎటు పైకి పోతే అటువాళ్ళు ఓడినట్టు. ఇందులో మోసం ఉండదన్నారు. నిజమే, మోసం లేదు. తిండి ఉంది.

పానకాలు లంగరు పార్టీ నాయకుడు, పట్నాన్ని నడిపే సరంగు. ఎనిమిదేళ్ళ కిందట జోగినాథం కూడా ఆ పార్టీయే. అప్పుడు కెలూవా దేశం రాయబారి చెప్పులు విప్పకుండా సభలోకి వచ్చాడని పానకాలు ఆయన్ని పడవెక్కించి వెనక్కి పంపేశాడు. "చెప్పుల కోసం మంచినీళ్ళు పోగొట్టుకుంటామా" అని మావాడు అడ్డం తిరిగాడు. మావాణ్ణి పార్టీలోంచి గెంటారు. అప్పట్నించీ కెలూవా వాళ్ళ మంచినీళ్ళ ఓడ మా కళ్ళముందే పోతుంది గానీ ఆగదు. మేం ఉప్పుతీసే మిషను నీళ్ళు తాగుతున్నాం. వాటితో కాఫీ పెడితే మేకులు నానబెట్టిన కషాయంలా ఉంటుంది.

తాడుకి పసుపు రాసి బొట్టు పెట్టాను. కోసేవాడి చెయ్యైనా కాస్త వణుకుతుందని.

తదియ, బుధవారం

గాలి: ఆగ్నేయం. తాడు: బొట్టు చెరిగింది, మళ్ళీ పెట్టాను. అడుగు నీరు: రెండు చెంబులు. తగ్గిందని సంతోషించడానికి కూడా భయంగా ఉంది.

రేవుకి మొదటి పడవ మాది. అక్కడేం జరిగినా ముందు నాకే దిగులు. నిన్న పొద్దున కెలూవా పడవొకటి వచ్చి ఆగింది. తలకి ఎర్రగుడ్డ, మెడలో వాళ్ళ మాటని మన మాటగా చెప్పే మాటపెట్టె, పొడుగాటి మనిషి ఒకాయన దిగి మెట్టు మీద కూర్చున్నాడు. కొత్త రాయబారట. "కూర్చోనీ, తీరికయ్యాక చూస్తా"నని పానకాలు కబురు పంపాడట. ఈవేళ మధ్యాహ్నానికీ ఆయన అక్కడే. ఎదురుగా మనిషి ఎండలో కూర్చునుంటే నాకు ముద్ద దిగుతుందా? రమ్మని సైగ చేశాను. వచ్చాడు. చెప్పులు విప్పి చంకలో పెట్టుకొని మరీ వచ్చాడు, పాపం. పాత రాయబారి సంగతి చెప్పి పంపినట్టున్నారు.

పేరు తవిలోమె ఎరకీబా అని ఏదో చెప్పాడు. నాకు నోరు తిరగలేదు. తవిలయ్యా అన్నాను. పలికాడు.

కంచంలో అన్నం, ఎండుచేప పులుసు, మా పీపాలో కాసిన గోంగూరతో పచ్చడి పెట్టాను. ఒక్క మెతుకు లేకుండా తిన్నాడు. కంచం ఖాళీ అయితే చూస్తూ ఊరుకోలేం కదా, మారు వడ్డించాను. అదీ తిన్నాడు. మళ్ళీ పెట్టాను. తిన్నాడు. ఎంత ఆకలి మీదున్నాడో అని నా కళ్ళు చెమర్చాయి. ఆయన కళ్ళూ చెమర్చాయి. గోంగూర కారమేమో అనుకొని నెయ్యి వేసి ఇంకో గరిటె అన్నం పెట్టాను. అప్పుడు మెడలో పెట్టె మాట్లాడింది. దానికి తెలుగు నేర్పినవాడు పురాణం చెప్పే పంతులై ఉండాలి.

"తల్లీ, ఈ దీనుని కరుణింపుము. మా దేశమున వడ్డించినది విడుచుట యుద్ధప్రకటన. మీరు వడ్డింతురు, నేను భుజింతును. మీరు మరల వడ్డింతురు. ఇది ఎచ్చట ముగియును?"

గరిటె వెనక్కి తీసుకున్నాను. "మరి చాలనొచ్చు కదా నాయనా?"

"అతిథి చాలనరాదు. భోజనము ముగించు అధికారము ఆ యింటి ఆడపెద్దది. ఆమె పాత్రను తీసికొన్నచో ముగిసినట్లు."

గబుక్కున కంచం లాగేశాను. తవిలయ్య లేచి రెండు చేతులూ జోడించి ఎంతసేపు వంగున్నాడంటే, మళ్ళీ లేస్తాడా లేడా అని భయమేసింది. వాము నమలమని ఇచ్చాను.

జోగినాథం సాయంత్రం ఇంటికొచ్చి సంగతి విని తల పట్టుకున్నాడు. "అక్కా, ప్రతిపక్షం విదేశీ రాయబారిని కలవకూడదని రూలుందే!"

"నేను కలవలేదురా. వడ్డించానంతే."

చవితి, గురువారం

గాలి: చూళ్ళేదు. తాడు: ఉంది. అడుగు నీరు: చూళ్ళేదు. వాళ్ళొచ్చారు.

పానకాలే స్వయంగా వచ్చాడు. వెనక నలుగురు. మనిషి బాగా నిండుగా ఉంటాడు, మా పడవ మీద కాలు పెట్టగానే చెంబులన్నీ ఆయన వైపుకి దొర్లాయి.

"పేరంటాలమ్మా, విదేశీ రాయబారికి ఏం అందించావు?"

"గోంగూర పచ్చడి."

"దాంతోపాటు ఏం రహస్యం చెప్పావు?"

"ఉప్పు తక్కువైందని చెప్పాను."

వెనకున్నవాళ్ళలో ఒకడు నవ్వబోయి దగ్గాడు. పానకాలు నవ్వలేదు. ఎదురుగాలి పార్టీ వెనక విదేశీ హస్తం ఉందని, ఆ హస్తానికి నెయ్యి కూడా అంటి ఉందని, అందుకు శిక్షగా దశమి దాకా మా పొయ్యి వెలగకూడదని చదివి వినిపించాడు. పొయ్యి మూతికి రేకు అడ్డం పెట్టి లక్కముద్ర వేశారు. పార్టీ పనిమీద తిరిగేవాళ్ళంతా తినేది ఈ పొయ్యి మీద వండిందే. ఆరు రోజులు తినకపోతే బసవయ్య మాస్టారు కనిపిస్తారా?

షష్ఠి, శనివారం

గాలి: దక్షిణం. తాడు: మాస్టారు పట్టుకొని లాగి చూశారు. తాడు కదల్లేదు, మాస్టారు కదిలారు. అడుగు నీరు: రెండు.

ఊళ్ళో మాట మారింది. రాయబారి వచ్చాడని తెలిశాక ఎవర్ని చూసినా మంచినీళ్ళ ఓడ గురించే. "జోగినాథం చెప్పింది నిజమే, చెప్పుల కోసం ఎనిమిదేళ్ళు ఉప్పునీళ్ళు తాగాం" అంటున్నారు. అది పానకాలు చెవిన పడింది. పడగానే తవిలయ్యని మెట్టు మీంచి లేపి, డప్పులతో ఊరేగించి, తన పడవలో విడిది ఇచ్చాడు. మొన్నటి విదేశీ హస్తం ఈవేళ స్నేహహస్తం.

"మన మాట ఎత్తుకుపోయాడు, మన చుట్టాన్నీ ఎత్తుకుపోయాడు" అని జోగినాథం మంచమెక్కాడు.

మాస్టారు లెక్కలు చెప్పారు. "తలకాయల్లో మనమే ఎక్కువ పేరంటాలమ్మా. తూకంలో తక్కువ."

అదే మా కర్మ. పానకాలు నెల్లాళ్ళ నించి తనవాళ్ళకి రోజూ విందులు పెడుతున్నాడు. తడిబట్టలు కట్టుకొస్తే కొంచెం బరువు వస్తుందని మాస్టారు ఉపాయం చెప్పారు. మధ్యాహ్నానికల్లా తడిబట్టలు నిషేధమని చాటింపు. కిందటిసారి విందు ఆశకి జనం అటు పోయారని మేం ఫిర్యాదు చేస్తే, "కాలు ఎక్కడుందో చూడాలి గానీ ఎందుకుందో అడక్కూడదు" అని పానకాలే రూలు రాయించాడు. మట్టం చూసే గవరయ్య తాతకి అది కంఠతా వచ్చు.

ఇంకో అన్యాయం కూడా చేశాడు. విందు జరిగేది తూర్పున, వాళ్ళ వైపు. చేతులు కడుక్కునే తొట్లు మాత్రం తెచ్చి పడమర, మేం నిలబడేచోట పెట్టించాడు. వాళ్ళ విందంతా అయ్యాక ఎంగిలి నీళ్ళు మా కాళ్ళ కింద పారాలని.

"పోనీలెండి, ఒక్క రోజుకే కదా" అన్నాను.

"ఆ తర్వాత కాళ్ళుంటాయిగా కడుక్కోడానికి, తాడుండదు గానీ" అన్నాడు జోగినాథం మంచం మీంచి.

అష్టమి, సోమవారం

గాలి: పడమర. తాడు: ఉంది. అడుగు నీరు: రెండున్నర. ఆ అర ఎక్కణ్ణించి వచ్చింది?

నీళ్ళ వరసలో పానకాలు భార్య రత్తమ్మ కలిసింది. పార్టీలు విడిపోయినా ఆవిడ నన్ను వదినా అనే పిలుస్తుంది. దశమి విందుకి తవిలయ్యే ముఖ్య అతిథట, పంక్తిలో మొదటి విస్తరి ఆయనకేనట. బిందె కింద పెట్టేశాను.

"రత్తమ్మా, ఒక్క మాట. ఆయనకి మారు వడ్డించకండి. పెడితే తింటూనే ఉంటాడు. మీరు ఆపేదాకా ఆపడు."

"మీ పొయ్యి ఆర్పారని మా పొయ్యి మీద కన్నేశావా వదినా? మా ఇంటి చుట్టానికి మారు పెట్టొద్దంటావా, రేపు ఊరంతా ఏమనుకుంటారు?"

"అనుకుంటే అనుకుంటారు, మనిషి బతుకుతాడు కదా."

"ఈ చోద్యం మా ఆయనతో చెప్తా ఉండు" అని నవ్వుకుంటూ బిందెత్తుకొని పోయింది.

చెప్పింది. అదే నా కొంప ముంచింది. సాయంత్రం మాస్టారు వార్త తెచ్చారు. పానకాలు ఆ మాట విని ఎగిరి గంతేశాడట. కిందటిసారి తినడం అయ్యాక కొందరు లేచి మావైపు వచ్చేశారు. ఈసారి ఆ భయం లేదు. పంక్తిలో ముఖ్య అతిథి లేవకుండా ఎవరూ లేవరు. అతిథి మనం వడ్డించినంతసేపూ లేవడు. కాబట్టి బుడగ చూసి గెలుపు చెప్పే మూడో బూర ఊదేదాకా ఆయనకి వడ్డిస్తూనే ఉంటే లంగరు పార్టీ మొత్తం లంగరేసినట్టు తూర్పునే కూర్చుంటుంది.

నేను నోరు మూసుకొని నీళ్ళు పట్టుకోకూడదా?

నవమి, మంగళవారం

గాలి: లేదు. తాడు: ఉంది. నిద్ర: లేదు.

దశమి, బుధవారం

గాలి: లేదు. తాడు: మూడుసార్లు చూశాను. అడుగు నీరు: తోడలేదు. సాయంత్రానికి ఎక్కడ ఉంటామో తెలీనప్పుడు తోడి ఏం లాభం?

పైది పొద్దున రాశాను. ఇది రాత్రి దీపం పెట్టాక రాస్తున్నాను.

మేం పడమర నిలబడ్డాం, ఖాళీ కడుపులతో, తొట్ల పక్కన. ఎదురుగా తూర్పున నాచు విస్తళ్ళు బారులు తీరాయి. గారెలు, పులిహోర, బూరెలు, గుండిగలో సాంబారు. వాసన ఆగుతుందా? మావాళ్ళలో ఇద్దరు నిద్రలో నడిచినట్టు అటు నడిచిపోయారు. వాళ్ళని వెనక్కి లాగుతానని వెళ్ళినవాడు కూడా విస్తరి ముందు కూర్చున్నాడు.

గవరయ్య తాత మొదటి బూర ఊదాడు. ఆయనకి చెవులు సరిగా వినిపించవు, కళ్ళు మాత్రం బంగారం. స్తంభం నీడ గీత మీదికి వస్తే బూర ఊదడం, బుడగ చూడడం, అంతే ఆయన పని. లోకం తల్లకిందులైనా ఇంకో పని చెయ్యడు.

అందరికీ వడ్డించారు. అందరూ తిన్నారు. తినేశారు కూడా. ఎవరూ లేవలేదు. పంక్తి మొదట్లో తవిలయ్య ఇంకా తింటున్నాడు. పక్కన పానకాలు గరిటె పట్టుకొని తనే నిలబడ్డాడు. విస్తరి ఖాళీ కావడం, గరిటె పడడం. తక్కినవాళ్ళంతా ఎంగిలి చేతులు గాల్లో పట్టుకొని, ఎండిపోతున్న వేళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు. పట్నం తూర్పుకి వాలిపోయింది. బుడగ మా నెత్తి మీదికి వచ్చి కూర్చుంది.

రెండో బూర.

"అయిపోయిందక్కా" అన్నాడు జోగినాథం. "తాడు పోయింది."

నేను తాడు వైపు చూడ్డంలేదు. తవిలయ్య మొహం చూస్తున్నాను. ఎర్రగుడ్డ కింద మొహం పాలిపోయింది. చెమట కారుతోంది. బూరె పట్టుకున్న చెయ్యి నోటికి అందడం లేదు. మాటపెట్టె అంటోంది: "హా దైవమా, మరల బూరె వచ్చుచున్నది. నా దేశమా, నీ కొరకు భుజించుచున్నాను." వడ్డించేవాళ్ళు అది పొగడ్తనుకొని నవ్వుతున్నారు.

"జోగినాథం, ఆయన చచ్చిపోతాడురా."

"కదలకక్కా! నీ బరువు మనకి ముఖ్యం."

"మనిషి పోతుంటే బరువేవిట్రా!"

వెళ్ళాను. పట్నం అటే ఒరిగి ఉంది కాబట్టి వాలులో దిగినట్టే ఉంది, మోకాళ్ళు కూడా నొప్పెట్టలేదు. వెనకనించి మాస్టారు "పేరంటాలమ్మా, మీరూ గారెలకేనా!" అని అరిచారు. ఆ పూట అన్న మాటలు మనసులో పెట్టుకోకూడదు.

పానకాలు గరిటె అడ్డం పెట్టాడు. "ఇటెందుకొచ్చావు?"

"మీరు తప్పుకోండి బాబూ."

"విదేశీ వ్యవహారాల్లో వేలు పెడుతున్నావు."

"వేలు కాదు, రెండు చేతులూ పెడుతున్నాను" అని వంగి తవిలయ్య విస్తరి మడిచేశాను. ఆయన వైపుకే మడిచాను. అవతలికి మడిస్తే అశుభం, ఆ కంగారులో కూడా అది మర్చిపోలేదు. "చాలు నాయనా, లే" అన్నాను.

తవిలయ్య నా మొహంలోకి చూశాడు. బావిలో పడ్డవాడు పైనించి వచ్చే చేదని చూసినట్టు. లేచి చేతులు జోడించాడు.

ముఖ్య అతిథి లేచాడు. అంతే. పంక్తి మొత్తం ఒక్కసారిగా లేచింది.

"కూర్చోండి! కూర్చోండి!" అని పానకాలు అరిచాడు.

"లేచిన విస్తట్లో మళ్ళీ కూర్చుంటారా ఎవరైనా?" అందొక ముసలామె.

"ఎంతసేపని కూర్చోమంటావయ్యా సరంగూ, వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయాయి" అన్నాడింకొకడు.

నెల్లాళ్ళు గారెలు తిన్న లంగరు పార్టీ మొత్తం ఎంగిలి చేతులు పైకెత్తుకొని తొట్ల వైపు నడిచింది. తొట్లు ఎక్కడున్నాయి? మావైపు.

పీపాలు మూలిగాయి. పట్నం ముందు మట్టంగా నిలబడింది, తర్వాత మెల్లిగా పడమరకి వాలింది. ఖాళీ విస్తళ్ళు జారాయి. బూరెల బుట్ట జారింది. సాంబారు గుండిగ దొర్లుకుంటూ వచ్చి మాస్టారి పక్కన ఆగింది. ఆయన స్తంభాన్ని కౌగిలించుకొని కళ్ళు మూసుకున్నారు. కడుక్కున్నవాళ్ళు వెనక్కి పోదామని చూశారు గానీ, బరువు కడుపులు, తడి కాళ్ళు, ఎదురు ఎత్తు. రెండడుగులు ఎక్కడం, మూడడుగులు జారడం.

"గవరయ్యా, ఆగు! ఊదకు!" అని పానకాలు పరుగెత్తాడు. ఆయన కూడా పడమరకే పరుగెత్తాడు.

తాతకి వినిపించలేదు. వినిపించినా నోట్లో బూర ఉంది. నీడ గీత మీదికి వచ్చింది. ఊదాడు.

బుడగ తూర్పుకి పోయి, అక్కడ పీట వేసుకున్నట్టు కూర్చుంది.

ఏకాదశి, గురువారం

గాలి: హాయిగా ఉంది. నమ్మను. తాడు: ఉంది. అడుగు నీరు: నిన్నటిదీ కలిపి ఐదు.

సభలో పెద్ద గోల. "వాళ్ళు ఓటెయ్యడానికి వెళ్ళలేదు, చేతులు కడుక్కోడానికి వెళ్ళారు!" అన్నాడు పానకాలు. గవరయ్య తాత చెవి దగ్గర రెండుసార్లు చెప్పించుకొని, "కాలు ఎక్కడుందో చూడాలి గానీ ఎందుకుందో అడక్కూడదని రూలు రాయించింది తమరే" అన్నాడు. బూర తుడుచుకుంటూ, "తొట్లు అక్కడ పెట్టించింది కూడా తమరే" అన్నాడు.

తవిలయ్య తన పడవలో వెల్లకిలా పడుకొని ఉన్నాడట. మాటపెట్టెని పంపించాడు. అది సభ మధ్యలో బల్ల మీద కూర్చొని చెప్పింది: "ఎవరు నా భోజనమును ముగించిరో ఆ యిల్లే మాకు పట్నము. ఆ యింటితోనే మంచినీటి సంధి." వచ్చే చతుర్దశికి ఒప్పందం. ఆ ఇంట్లోనే.

జోగినాథం సరంగయ్యాడు. మా పొయ్యి మీద లక్కముద్ర తనే పగలగొట్టాడు. ఏకాదశి కదా, వెలిగించలేదు.

త్రయోదశి, శనివారం

గాలి: మారింది. తాడు: మాది బాగుంది.

సాయంత్రం రత్తమ్మ వచ్చింది. పైట చెంగు నోట్లో కుక్కుకొని గడప దగ్గరే నిలబడింది.

"లోపలికి రావే."

"వదినా, నీ తాడుకి ముడి ఎలా వేశావో చూపించవూ?"

"ఎందుకు?"

"మీవాడు ఆ చట్టం అలాగే ఉండనీ అన్నాట్ట సభలో. మాకిది మొదటి ఓటమే అనుకో. అయినా రాత్రంతా లేచి చూసుకుంటూనే ఉన్నాను."

ఆవిడ మొహం చూస్తే నా మొహం నీళ్ళలో చూసుకున్నట్టుంది. వెళ్ళి వాళ్ళ తాడు చూశాను. ఒక పేట తెగి ఉంది. పసుపు లేదు, బొట్టు లేదు. రెండూ పెట్టి ముడి వేసి చూపించాను.

జోగినాథం ఇంటికి రాగానే అడిగాను. "అవునురా, ఆ తాడు చట్టం కొట్టెయ్యవా?"

"చూద్దాంలే అక్కా. తొందరేముంది? అది ఉంటే వాళ్ళు కాస్త అణిగి ఉంటారు."

"మరి తొట్లు?"

"తూర్పుకి మార్పించాను" అన్నాడు మీసం మీద చెయ్యేసి. "వచ్చేసారి ఎంగిలి నీళ్ళు వాళ్ళ కాళ్ళ కింద పారనీ."

నెత్తిన ఎండ కొట్టినట్టయింది. మూడు రోజులు కాలేదు, అప్పుడే కుర్చీ పోలికలు వచ్చేశాయి వీడికి. మాస్టారి వైపు చూశాను. సాంబారు గుండిగ పక్కన నిలబడ్డప్పట్నించీ ఆయన కూడా కొంచెం లావైనట్టున్నారు. ఆయన మావాడి మాటకి తలూపుతున్నారు.

అంటే ఎదురుగాలి పార్టీలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే.

"అయితే నేను పొయ్యి వెలిగించను" అన్నాను.

"ఎల్లుండి ఒప్పందానికి తవిలయ్య ఇక్కడికే వస్తున్నాడక్కా!"

"రానీ. పస్తుంచు. వాళ్ళ దేశంలో దాన్నేమంటారో పెట్టెనడుగు."

చతుర్దశి, ఆదివారం

గాలి: దక్షిణం. తాడు: మాది, రత్తమ్మ వాళ్ళది, రెండూ చూశాను. అడుగు నీరు: రెండు.

ఒప్పందం ఎల్లుండి కాదట, ఈవేళేనట. తిథులు కూడా నేనే చెప్పాలి ఈ ప్రభుత్వానికి.

పొద్దున జోగినాథం తనే వండుతానని పొయ్యి దగ్గర కూర్చున్నాడు. పొగ వచ్చింది, మంట రాలేదు. నేను గడప అవతల కూర్చుంటే రత్తమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. ఆవిడ వెనక ఇంకో నలుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు, రెండు పార్టీలవాళ్ళూ. మా పడవ అటు ఒరిగింది. చెంబులు అటు దొర్లాయి. జోగినాథం చెంబుల్ని చూశాడు, మమ్మల్ని చూశాడు. వాడు ఈ పట్నంలో పెరిగినవాడు, ఒరుగుడంటే ఏంటో వాడికి చెప్పక్కర్లేదు.

బయటికి పోయి గంట తిరక్కుండా వచ్చాడు. తాడు చట్టం కొట్టేశారు. తొట్లు బల్లకట్టు నడిమధ్య, స్తంభం కిందికి వచ్చాయి. గవరయ్య తాత చేతే చదివించాను, నిజమే.

పొయ్యి వెలిగించాను. రత్తమ్మ గోంగూర కోస్తోంది. రేవులో కెలూవా మంచినీళ్ళ ఓడ కనిపిస్తోంది, ఈసారి ఆగేట్టే ఉంది. తవిలయ్య చెప్పులు చంకలో పెట్టుకొని మెట్లెక్కుతున్నాడు. మనిషి బాగా చిక్కాడు.

అందరూ సంతోషంగానే ఉన్నారు. నాకే తోచడం లేదు, బియ్యం ఎన్ని పొయ్యాలో. తక్కువ వండితే పట్నం పరువు పోతుంది. ఎక్కువ వండితే ఆయన పోతాడు.